నొక్కు పడిన పన్ను

మర ఆగిపోయింది, నా నోరు మాత్రం తెరిచే ఉంది. కరెంటు పోయిందని తెలుసుకోవడానికి కాస్త సమయం పట్టింది. సిరిసిల్లలో అయితే వెంటనే తెలిసేది, అక్కడ కరెంటు పోతే వాడంతా సాంచెలు ఒక్కసారిగా ఆగిపోతాయి, మోటారు మగ్గాల ఆ దడదడలో పుట్టి పెరిగినవాడు ఆ నిశ్శబ్దంలో తన దగ్గు తనకే వినిపించి ఉలిక్కిపడతాడు. జగిత్యాలలో కరెంటు పోతే ఎవరికీ ఏమీ ఆగదు. కింద టవర్ దగ్గర రిక్షావాడు ఎవరినో తిడుతూనే ఉన్నాడు, కోరుట్ల బస్సు హారన్ కొడుతూనే ఉంది. ఆగింది ఈ చిన్న మర ఒక్కటే, అదీ నా ముందు పన్ను సగం అరగదీశాక. డాక్టరు కాలికింది మీటను తొక్కి తొక్కి చూసి, సర్కారును సన్నగా ఒక మాట అని, మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగాడు. "పోశం, గట్లనే పండుకో. లేవకు. నోట్లె దూది తియ్యకు. నేను కిందికి పోయి జనరేటర్ సంగతి చూసొస్త." పోశం అంటే నేనే. కోరుట్లలో నాకు తావిచ్చిన సామేలన్న పెట్టిన పేరది. అమ్మ పెట్టిన పేరు పరశురాములు, ఆ పేరుగలవాడు నిరుడు ఎండాకాలం ఎన్‌కౌంటర్లో చచ్చిపోయాడు, పేపర్లో వేశారు, అమ్మ దగ్గరుండి దహనం చేయించింది, సంవత్సరీకం కూడా పెట్టే ఉంటుంది. చచ్చినవాడికి పంటినొప్పి ఏమిటని ఎవరైనా అడిగితే నేనేం చెప్పను. వచ్చింది. రాత్రింబవళ్లు వచ్చింది.

పోతూ పోతూ డాక్టరు నా ఛాతీ మీద రేకు పళ్లెం ఒకటి పెట్టిపోయాడు. నా ఛాతీని బల్ల అనుకున్నాడు. పళ్లెంలో రెండు పళ్ల తొడుగులు, ఒకటి మెరిసేది, ఒకటి తెల్లది, ఊపిరి పీల్చినప్పుడల్లా రెండూ దొర్లి ఒకదానికొకటి తగులుతున్నాయి. "మెటల్ అయితే పన్ను ఇంతకన్న ఎక్కువ అరగదీసే పనిలేదు," అన్నాడు డాక్టరు మెట్లు దిగబోయే ముందు, "గట్టిగుంటది, ఏండ్లకేండ్లు ఏం గాదు. కాని ముందు పన్ను కదా, దూరంకెల్లి మెరుస్తది. సిరామిక్ అయితే అచ్చం నీ పన్ను లెక్కనే ఉంటది, ఎవ్వలు గుర్తుపట్టరు. గాని ఇంకింత అరగదీయాలె, ఇగ దాంతోని దారం గీరం కొరుకుడు బంద్, పెచ్చు లేస్తది. కరెంటు వచ్చేలోపల ఆలోచించుకో." ఎవ్వలు గుర్తుపట్టరు అనే మాటను ఆయన మంచిమాటగా అన్నాడు. అవును, నాకు కావలసింది అదే. పొద్దున బస్సులో సామేలన్న చెప్పిందీ అదే. "తెల్లదే ఏయించుకో. మెరిసే పన్ను పెట్టుకోని బజార్ల తిరుగుతవా? ఒక్కసారి సూసినోడు సచ్చేదాక యాదుంచుకుంటడు." నిజమే, కోరుట్లలో బీడీ ఆకు దించడానికి వచ్చే ఒక ముసలాయనకు మెరిసే పన్ను ఉంది, ఆయన పేరు ఎవరికీ తెలియదు, ఆ పన్ను మాత్రం ఊరందరికీ తెలుసు. నేను అలా తెలియకూడదు. నేను ఎవరికీ ఏ విధంగానూ తెలియకుండా ఉండాలి, తెల్లది వేయించుకుని, పోశం అనే పేరు చాటున నోరు మూసుకుని, ఆకు సంచులు మోసుకుంటూ బతకాలి. ఇందులో ఆలోచించేది ఏముందని నాకే విసుగొచ్చింది. అయినా ఆలోచిస్తూనే ఉన్నాను, లేవడానికి లేదు కదా, చేసేదేముంది.

సూది మందుకు పైపెదవి మొద్దుబారింది, నాలుక కూడా నాది కానట్టే ఉంది. నొక్కు ఉందో పోయిందో తెలియలేదు. వేలు పెట్టి తడిమాను. ఒక అంచు మిగిలింది, ఇంకో అంచు లేదు. ఉన్నట్టుండి ఏడుపొచ్చింది, దవడ ఎముక దాకా సూది దిగినా ఏడవనివాణ్ణి ఇంత చిన్న పంటి ముక్కకు ఏడవడం సిగ్గనిపించింది. ఆ నొక్కు నా ఒక్కడిదే కాదు. సాంచె నడిపే ప్రతివాడికీ ఉంటుంది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కొత్త దారపు కండె పెట్టాక దారం కొసను నాడె కంటికి ఆనించి నోటితో పీల్చి లాగాలి, పోగు తెగితే ముడివేసి మిగిలిన కొసను కొరికి పారేయాలి. కత్తెర మొలలోనే ఉంటుంది, కాని కత్తెర తీసి మళ్లీ దోపుకునే లోపల పక్క సాంచె ఆగిపోతుంది, సేటు చూపు మన వీపు మీద పడుతుంది. అందుకని పన్నే కత్తెర. ఎప్పుడూ అదే పన్ను, అదే చోటు, కొన్నేళ్లకు అక్కడ దారం పట్టేంత గాడి పడుతుంది. అమ్మ గడప దగ్గర కూర్చుని కండెలు చుడుతూ రోజూ అదే పాట పాడేది, "కత్తెర ముట్టుకుంటే కరుస్తదా నిన్ను? పెండ్లినాటికి ముసలోని లెక్క అయితవ్." అన్నం పెట్టేటప్పుడు గదవ పట్టుకుని, పెదవి ఎత్తి, బొటనవేలితో ఆ గాడిని తడిమి చూసేది, ఎంత లోతైందో అని. నేను ఆమె చేయి తోసేసేవాణ్ణి. ఆమె వేలికి ఎప్పుడూ గంజి వాసన, నూలు వాసన. దళంలోకి పోయేముందు రోజు కూడా చూసింది, నేను పోతున్నానని ఆమెకు తెలియదు, ఆ రోజు మాత్రం చేయి తోయలేదు నేను.

మెట్ల మీద బూట్ల చప్పుడు. డాక్టరువి చెప్పులు. ఈ కుర్చీ ఉంది చూడండి, మనిషిని పడుకోబెడతారు గాని మంచం కాదు, తల కిందికి, మోకాళ్లు మీదికి, మెడ చుట్టూ ప్లాస్టిక్ గుడ్డ, ఛాతీ మీద పళ్లెం. లేవాలంటే ముందు పళ్లెం తీయాలి, తర్వాత పక్కకు ఒరగాలి, తర్వాత కాళ్లు దించాలి, అప్పటికి ఎవడైనా వచ్చి ఎదురుగా నిలబడి కులాసాగా చూడొచ్చు. తలుపు ఒకటే, మెట్లు ఒకటే, కిటికీకి ఇనుపచువ్వలు. ఇల్లు చూసి కదా పడుకోవాలి అని అడవిలో నాకు నేర్పినవాళ్లు ఇప్పుడు నన్ను చూస్తే ఏమనేవారో. వచ్చినవాడు గుమ్మం నిండా నిలబడ్డాడు. ఖాకీ. గదవకు రుమాలు కట్టి నెత్తి మీద ముడివేసుకున్నాడు, ఒక బుగ్గ వాచి కన్ను సగం మూసుకుపోయింది. నా గుండె సాంచె అంత చప్పుడు చేసింది. ఆయన నా దగ్గరికే వచ్చాడు. డాక్టరు కూర్చునే గుండ్రని స్టూలు కిటికీ పక్కకు లాక్కుని, నా మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుని, నిట్టూర్చాడు. "బయట మస్తు ఉడుక పోస్తుంది తమ్మీ. నీ తర్వాత నాదే. సూది ఇచ్చినప్పుడు నొస్తదా?"

లేదని తల ఊపాను. ఆయనకు ధైర్యం చాలలేదు. "సచ్చేటంత నొస్తదని మా సీఐ సారు చెప్పిండు. ఆయనకు పన్నువీకిండ్రట." మళ్లీ తల ఊపాను, నొప్పి లేదు సార్, చీమ కుట్టినట్టే. ఈ బట్టలు కనబడితే ఏం చేయాలో నాకు ఎన్నో రకాలుగా నేర్పారు, సూదికి భయపడుతున్నవాడికి ధైర్యం చెప్పడం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆయన నడుముకున్న బ్యాటరీ లైటు తీశాడు. "ఏదీ, నోరు తెరువు, సూడనియ్యి. ఎట్ల జేస్తడో ఏమో." తెరవనంటే ఎందుకు తెరవవు అంటాడు. తెరిచాను. వెలుగు నా నోట్లోకి దిగింది, అంగిలి మీద వేడి తగిలినట్టు అనిపించింది. ఆయన ముఖం దగ్గరగా వచ్చింది, లవంగం వాసన, చాలాసేపు చూశాడు, ఒక మనిషి ఇంకో మనిషి నోట్లోకి చూడాల్సినదానికన్నా ఎక్కువసేపు చూశాడు. "గీ గాడి నాకు ఎర్కనే," అన్నాడు. "గిది సాంచె నడిపెటోని పన్ను. సిరిసిల్లనా మీది?"

"కోరుట్ల సార్. టైలర్ని," అన్నాను దూది లోంచి. ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట. దారం కొరికే ఇంకో కులవృత్తి అది ఒక్కటే తోచింది. అన్న తర్వాత సామేలన్న గుర్తుకొచ్చాడు. కింద బెంచీ మీద కూర్చున్నాడు, ఈయన అటునుంచే వచ్చాడు, ఏం పని మీది అని అడిగి ఉంటే బీడీ ఆకు గోదాం అని చెప్పి ఉంటాడు, సామేలన్నకు అబద్ధం నోటికి రాదు, ప్రతి ఆదివారం ప్రార్థనలో పోశం గురించి దేవుడికి క్షమాపణ చెప్పుకుంటాడు. కానిస్టేబుల్ బ్యాటరీ ఆర్పాడు. "టైలర్లకు గూడ గట్లనే అయితదా? అయితే నా పాయింటు నడుము కాడ బెత్తెడు వదులు జెయ్యాలె, నీ దుకాణం యాడ?" పెద్ద బడి వెనుక సార్, అన్నాను. కోరుట్లలో ఎన్ని పెద్ద బడులున్నాయో, ఏ బడి వెనుక ఏ టైలర్ ఉన్నాడో. ఈ పన్ను సంగతి వదిలితే చాలు, ఆ పాయింటు చేత్తో కుట్టి ఇస్తాను, అనుకున్నాను. ఆయన వాచిన బుగ్గను అరచేతిలో పెట్టుకుని కిటికీ లోంచి చూస్తూ మూలిగాడు. ఇద్దరం కరెంటు కోసం ఎదురుచూశాం.

రాజం కూడా నాలాగే దారం కొరికేవాడు. రాజం అంటే దళంలో పేరు, అసలు పేరు నాకు తెలియదు, ఎవరి అసలు పేరూ ఎవరికీ చెప్పేది లేదు. కొత్తగా వచ్చాడు, నాకన్నా చిన్నవాడు, నా అంతే ఎత్తు. చొక్కా గుండీ ఊడితే కుట్టుకుని దారం కొస కొరికాడు, తల కొంచెం పక్కకు వంచి, ముందు పంటితో. అప్పుడు తెలిసింది నాకు. సాంచెనా అన్నాను. నవ్వి అవునన్నాడు. ఏ వాడ అని నేను అడగలేదు, వాడు చెప్పలేదు, అంతదాకా కచ్చితంగా ఉన్నాం ఇద్దరం. మా అమ్మ కండెలు చుడుతుంది అన్నాడొకసారి. సిరిసిల్లలో ఎవరి అమ్మ చుట్టదు. వాడికి ఎండుచేపలంటే ప్రాణం, ఏ ఇంట్లో అన్నం పెట్టినా ఎండుచేప ఉందా అవ్వా అని అడిగేవాడు, నాకు ఆ వాసనకే కడుపులో తిప్పేది, నా ముందు వాడు వేళ్లు నాక్కుంటూ ఏడిపించేవాడు. నాకు చలిజ్వరం వచ్చి కొడిమ్యాల దగ్గర ఒక గుడిసెలో వదిలిపెట్టి పోయిన మూణ్ణాళ్లకు గుట్టల్లో కాల్పులు జరిగాయి. పేపర్లో నా పేరు చూసుకున్నాను. పరశురాములు, సిరిసిల్ల. జ్వరంలో తప్పుగా చదివాననుకుని మళ్లీ చదివాను. దళం లెక్కలో పారిపోయినవాణ్ణి, పోలీసుల లెక్కలో చచ్చినవాణ్ణి, ఒకసారి చచ్చినవాణ్ణి మళ్లీ చంపితే అడిగే నాథుడుండడు. జ్వరం తగ్గాక ఎక్కడికీ పోలేక, మేడిపల్లి సంతలో ఎప్పుడో పరిచయమైన సామేలన్నను వెతుక్కుంటూ కోరుట్ల వచ్చాను.

సామేలన్న ఆకు పని మీద సిరిసిల్ల పోయినప్పుడు మా వాడకట్టులో చాయ్ తాగి కబురు విని వచ్చాడు. శవం ముఖం గుర్తుపట్టేటట్టు లేదట. అమ్మ ఏడవలేదట, వంగి, పెదవి ఎత్తి, బొటనవేలితో ఆ గాడి తడిమి, నా కొడుకే అందట. అంతే. అన్ని పళ్లకూ గాడి ఉండే ఊరిలో బతికి, ఆ గాడి ఒక్క నా పంటికే ఉందనుకుంది. తల్లి కదా, ఇంకెవరి పన్నూ అలా తడిమి చూసి ఉండదు. చచ్చినవాడి పేరన పిట్టకు, అదే కాకికి, పెట్టిన రోజు నాకిష్టమని కోడికూర, గారెలు, బెల్లం చాయ్ కూడా పెట్టిందట. పిట్ట చాలాసేపటిదాకా రాలేదు. వచ్చినా ముట్టలేదు, గోడ మీద కూర్చుని చూసి ఎగిరిపోయింది. పొద్దు వాలేదాకా కూర్చుని బతిమిలాడిందట, నేనేం తక్కువ జేసిన బిడ్డా, ఏం గావాలె చెప్పు అని. ఎండుచేప అమ్మా, ఒక్క ఎండుచేప పెట్టాల్సింది. ఆ మాట చెప్పగలిగినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే, కోరుట్ల గోదాంలో ఆకు సంచుల మీద పడుకుని ఉన్నాను. దహనం చేసింది తన కొడుకునేనా అని అప్పటినుంచి అమ్మకు అనుమానం పట్టుకుంది. ఎక్కడ ఎన్‌కౌంటర్ అయినా ఏ దవాఖానకు శవాలు తెచ్చినా బస్సెక్కి పోయి పెదవులు ఎత్తి చూస్తుందట, సత్యవ్వకు మతి తప్పిందని వాడలో అనుకుంటున్నారట. బతికే ఉన్నానని కబురు పంపితే ఆమె ఆ సంతోషం దాచుకోలేదు, నా తల్లి ముఖం నాకు తెలుసు, తెల్లారేసరికి వాడంతా తెలిసి, సాయంత్రానికి పోలీసులకు తెలుస్తుంది. పోనీ తెలియనీ అనుకున్నా, మరి నేను దహనం చేసింది ఎవరి కొడుకునురా అని అడుగుతుంది. రాజం అంటాను. రాజం ఎవడు అంటుంది.

"తమ్మీ, నిద్ర వట్టిందా?" కానిస్టేబుల్. పంటినొప్పి ఉన్నవాడికి మాట్లాడకుండా ఉండటం చేతకాదు. "ఆ గాడి అంటే యాదికచ్చింది. నిరుడు ఒక ఎన్‌కౌంటర్ అయింది. దవాఖానల శవాల కాడ నాదే డ్యూటీ. మొకం లేదు పిలగానికి. సిరిసిల్లకెల్లి ఒకామె అచ్చింది, పెదివెత్తి గాడి సూసి, నా కొడుకే అని తీస్కపోయింది. తెల్లారి ఇంకొకామె అచ్చింది. ఆమె గూడ గా ఊరామెనే. శవమేది సారు అన్నది. తల్లి అచ్చి తీస్కపోయింది అవ్వా అన్న. ముందు పంటికి గాడి ఉండెనా సారు అని అడిగింది. ఉండె అన్న. గక్కడ్నే కూలవడ్డది."

నోట్లో ఉమ్మి నిండింది, మింగడానికి లేదు, బుగ్గ మీదుగా కారి చెవిలోకి పోయింది. మీరేమన్నరు సార్, అన్నాను. దూదిలోంచి ఆ మాట ఎలా బయటికి వచ్చిందో, ఆయనకు అర్థమైంది. "ఏమంట? సాంచెలోల్లందరికి ఉంటది కదనే అవ్వా గా గాడి, వాని తల్లి గుర్తువట్టింది, నీ కొడుకు బతికే ఉన్నడు, ఎప్పుడో ఒకప్పుడు అస్తడు పో అన్న. హోటల్ల బువ్వ తినవెట్టి బస్సెక్కిచ్చిన. నవ్వుకుంట పోయింది ముసల్ది." ఆగాడు. రుమాలు సర్దుకున్నాడు. "మంచిగనే అన్న కదా తమ్మీ?"

ఆమె పేరేమిటి, ఏ వాడ, ఏ బస్సు, ఆమె కొడుకు పేరు ఏమని చెప్పింది. నాలుగు ప్రశ్నలు నాలుక మీదికి వచ్చాయి, నాలుక మొద్దుబారి ఉంది, ఒక టైలర్‌కి ఆ ముసలామె పేరుతో పనేమిటి. అడిగితే ఈయన నా ముఖం మళ్లీ చూస్తాడు, ఈసారి బ్యాటరీ అక్కర్లేకుండా చూస్తాడు. రాజం తల్లి ఎక్కడో కండెలు చుడుతూ వీధి మలుపు వైపు చూస్తూ ఉంటుంది. పొద్దున్నే కొడుకు వస్తాడని ఒక ఎండుచేప దాచిపెడుతుంది. ఆమెకు కూడా ఏదో ఒక రోజు అనుమానం పుడుతుంది, ఆమె కూడా బస్సెక్కుతుంది, ఏదో ఒక దవాఖాన అరుగు దగ్గర ఈ ఇద్దరు ముసలమ్మలు పక్కపక్కన నిలబడతారు, ఒకరి కొడుకు ఒకరికి తెలియకుండా. నేను లేచి అరవాలనుకున్నాను. ఛాతీ మీద రేకు పళ్లెం ఉంది, మోకాలికి ఈయన మోకాలు ఆనుకుని ఉంది, నోటినిండా దూది ఉంది. ఇంతకన్నా అడవిలోనే ఊపిరి ఆడేది. మంచిగనే అన్నరు సార్, అన్నాను. ఆయన ముఖం తేలికపడింది, ఎన్నాళ్లుగానో ఎవరో ఒకరు అలా అంటారని ఎదురుచూసినట్టున్నాడు. నాకు ఆయన మీద కోపం రావాలి, రాలేదు.

ఫ్యాను కిర్రుమంది. ముఖం మీద దీపం భగ్గున వెలిగింది. డాక్టరు చెమటలు తుడుచుకుంటూ వచ్చి, కానిస్టేబుల్‌ను స్టూలు మీదినుంచి లేపి, చేతులు కడుక్కుని, మర అందుకుని, నా మీదికి వంగాడు. "ఆలోచించినవా పోశం? సిరామిక్ కదా? ఇంకింత అరగదీస్త, కొద్దిగ ఓపిక వట్టు." మర మొదలైంది. ఆ సన్నని కూత నా నోటి దాకా వచ్చింది. ఈ తెల్లది వేస్తే నేను అందరిలాంటి పళ్లున్నవాణ్ణి. ఏ తల్లి పెదవి ఎత్తినా, ఇలాంటి పన్ను నా కొడుక్కి కూడా ఉండేది అనుకోగలిగిన పన్ను. చేయి ఎత్తి డాక్టరు మణికట్టు పట్టుకున్నాను. ఆయన ఉలిక్కిపడి మర ఆపాడు. పళ్లెంలోంచి మెరిసేదాన్ని తీసి చూపించాను.

"గిదా? నవ్వితే కనబడ్తది మరి."

"కనబడనియ్యి సార్."

డాక్టరుకు నచ్చలేదు, ముందు పంటికి ఎవరూ వేయించుకోరని గొణిగాడు. కానిస్టేబుల్ గుమ్మం దగ్గర నిలబడి, గట్టిగుంటది, మంచిపని జేసినవ్ తమ్మీ, అన్నాడు. ఇకనుంచి ఈయన నన్ను ఏ బజారులో చూసినా గుర్తుపడతాడు, టైలర్ని కానని కూడా ఏదో ఒక రోజు తెలుసుకుంటాడు. తెలుసుకోనీ. రేపో ఎల్లుండో నన్ను కూడా ముఖం లేకుండా ఏ అరుగు మీదో పడుకోబెడతారు. అమ్మ వస్తుంది. రాజం తల్లి కూడా వస్తుంది. వంగి, పెదవి ఎత్తుతారు. మెరిసే పన్ను చూస్తారు. నా కొడుకు కాదు అని ఆమె, నా కొడుకు కాదు అని అమ్మ, పెదవి మెల్లగా కిందికి దించి, ఇద్దరూ ఒకే బస్సులో ఇంటికి పోతారు.